గోదారి నెమ్ములో నిలిచే పుస్తకాల బీరువా: పాతవాటిలో ఏది కొనాలి

పాత పుస్తకాల బీరువా చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు గాజు తలుపు తెరుస్తారు, అర మీద చెయ్యి రాస్తారు, పాలిష్ బాగుందంటారు. అమ్మేవాళ్ళకి కావాల్సిందీ అదే. డెల్టాలో కొనేటప్పుడు మొదట చూడాల్సింది బీరువా వీపు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత అరల అడుగు వైపు. ముఖం చివర్న చూసినా నష్టం లేదు. తణుకులో పెట్టినా అంతర్వేదిలో పెట్టినా ఆ బీరువా ఏడాదిలో చాలా నెలలు నెమ్ము పీలుస్తూనే ఉంటుంది. గోడవైపు ఏం జరుగుతోందో మాత్రం సున్నాలు వేయించేటప్పుడు గానీ ఎవరూ చూడరు.

ఈ మధ్య 'మిడ్ సెంచురీ మోడర్న్' అన్న మాట మన పాతసామాను దుకాణాల దాకా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన దగ్గర్నుంచి సుమారు 1970 వరకు డెన్మార్క్, స్వీడన్, అమెరికాల్లో సాగిన ఫర్నిచర్ ధోరణి అది. నగిషీ ఉండదు. కిందికి పోయేకొద్దీ సన్నబడే కాళ్ళు, నేలకీ పెట్టెకీ మధ్య జానెడు ఖాళీ, పక్కకి జరిపే తలుపులు. కలప చారలే అలంకారం. మన దగ్గర ఇప్పుడు ఆ కాలంలో చేసిన ప్రతి బీరువాకీ ఆ పేరు తగిలిస్తున్నారు. మందపాటి దిమ్మె మీద కూర్చుని, నెత్తిన కిరీటంలా చెక్కిన పలక ఉన్న గాజు బీరువా 1960లో చేసినా ఈ కోవలోకి రాదు. వకీళ్ళ ఇళ్ళలో కనిపించే, ఒకదాని మీద ఒకటి పేర్చే గాజు పెట్టెలు అంతకన్నా పాతవి. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో పుట్టిన నమూనా అది. రెండూ మంచి సామానే, ముఖ్యంగా ఆ పేర్చే పెట్టెలు మేడ మెట్లెక్కించడానికి చాలా సుఖం. అయితే లేని పేరుకి అదనంగా డబ్బివ్వకండి.

ఇంకో మోసం సర్వసాధారణం. బట్టల బీరువాకి గాజు తలుపులు బిగించి పుస్తకాల బీరువా అంటారు. లోతు కొలిస్తే తెలిసిపోతుంది. మన క్రౌన్ సైజు పుస్తకం ఎత్తు సుమారు 18 సెం.మీ., డెమ్మీ సైజు 21.5 సెం.మీ., వెడల్పు 12 నుంచి 14 సెం.మీ. వీటికి 22 నుంచి 25 సెం.మీ. లోతున్న అర చాలు, అరకీ అరకీ మధ్య 25 సెం.మీ. ఎడం చాలు. బైండు చేయించిన వారపత్రికలకి, నిఘంటువులకి ఒక్క అర 33 సెం.మీ. ఎత్తుండాలి. లోతు 45 సెం.మీ. ఉంటే అది బట్టల కోసం చేసినది. రెండు వరసల్లో పుస్తకాలు సర్దుతారు, వెనక వరసకి గాలి ఆడదు, బూజు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఇక్కడి ఇళ్ళలోంచి వచ్చిన టేకు

మండువా ఇళ్ళు, పెంకుటిళ్ళు విప్పేటప్పుడు దూలాలు, ద్వారబంధాలతో పాటు బయటపడే బీరువాలు ఒక దారి. మూతపడ్డ బడులు, ఆఫీసుల వేలాల్లో వచ్చేవి మరో దారి. వేలం సామాను మీద గ్రంథాలయం ముద్రో, స్టాకు నంబరో కనిపిస్తే వేలం రశీదు చూపించమనండి. రశీదు లేకపోతే వదిలేయండి.

"ఆయ్, బర్మా టేకండి" అనని అమ్మకందారు గోదావరి జిల్లాల్లో దొరకడు. కోరంగి, కాకినాడ రేవులకీ రంగూన్‌కీ రాకపోకలు సాగిన తీరం కాబట్టి ఆ మాట పూర్తిగా గాలికి పుట్టింది కాదు. కానీ బర్మాదా, పాపికొండల వైపు అడవిదా అన్నది పాలిష్ పట్టిన పలకని చూసి తేల్చడం కష్టం. తేల్చుకుని చేసేదీ లేదు. చేవ (మాను నడిమి గట్టి చెక్క) ఎంత, తెల్లచెక్క (బయటి లేత చెక్క) ఎంత అన్నదే లెక్క. సన్నటి పిండి రాల్చే పుచ్చు పురుగు తినేది తెల్లచెక్కలో ఉండే పిండి పదార్థాన్ని. టేకు చేవ జోలికి పోదు. అర అంచున లేత పసుపు పట్టీ కనిపిస్తే అదే తెల్లచెక్క. ఒకటి రెండు చోట్ల సన్నగా ఉంటే పరవాలేదు. పక్క పలకల్లోనో కాళ్ళలోనో ఉంటే బేరం మానుకోండి.

టేకా కాదా అని బరువు చూసి చెప్పకండి. టేకు మధ్యరకం బరువు, ఘనపుటడుగు 18 కిలోలు దాటి ఉంటుంది. అదే కొలత పార్టికల్ బోర్డూ ఇంచుమించు అంతే తూగుతుంది. అర అడుగు వైపు, పాలిష్ లేని చోట చాకు మొనతో గోటి మందం గీకండి. టేకైతే లోపల బంగారు రంగు గోధుమ ఛాయ, వేలికి జిడ్డు స్పర్శ, పాత తోలు లాంటి వాసన వస్తాయి. గీకిన చోట తెల్లగానో ఎర్రగానో ఉండి వాసన లేకపోతే మద్దికో వేపకో రంగు పట్టించారన్నమాట. గీకనివ్వనంటే ఆ మాటే జవాబు.

స్క్రూలు కూడా కాలం చెబుతాయి. 1950, 60 దశకాల్లో మన వడ్రంగులు వాడినవి ఎక్కువగా తలకి అడ్డంగా ఒకటే గీత ఉన్నవి. బందులన్నిటికీ ప్లస్ గుర్తు స్క్రూలుంటే అన్నీ మార్చి ఉండాలి, లేదా బీరువానే కొత్తదై ఉండాలి. వెనక పలకకి గన్నుతో కొట్టిన సన్నటి పిన్నులు, చెక్క పీచు నొక్కి చేసే ఎం.డి.ఎఫ్. రేకు కనిపిస్తే ఆ వీపు వయసు పదో పదిహేనో ఏళ్ళు. తలుపు మీద గీతలు, దెబ్బలు ఉండి, తరచూ చెయ్యి తగిలే పిడి చుట్టూ అరుగుదల లేకపోతే ఆ పాతదనం ఎవరో కావాలని తెచ్చిపెట్టింది.

వీపు, కాళ్ళు, అడుగు: చూసే వరస

బీరువాని గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపించండి. టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని వెనక పలకని కింది నుంచి పైకి చూడండి. మట్టితో కట్టిన సన్నటి దారులు కనిపిస్తే నేలలోంచి వచ్చే చెదలు. అవి ఎండిపోయి ఉన్నా, గీకేసిన మరకే మిగిలినా ఆ ఎత్తు దాకా స్క్రూడ్రైవర్ మొనతో నొక్కుతూ పోవాలి. మొన దిగబడితే లోపల గుల్ల. మట్టి దారి లేకుండా చెక్కలోనే కాపురముండే చెదలు ఇంకో రకం. వాటి గుర్తు అరల మూలల్లో గసగసాల్లా రాలి ఉండే గింజలు. పుచ్చు పురుగైతే పిండి, చెదలైతే గింజ. ఈ తేడా గుర్తుంటే సగం పరీక్ష అయిపోయినట్టే. రంధ్రం లోపల పాలిష్ దిగి నల్లగా ఉంటే అది పాత కథ. అంచులు తెల్లగా, కొత్తగా ఉంటే పురుగు ఇంకా పనిలోనే ఉందనుకోవాలి.

తర్వాత వరద గీత. 1986 ఆగస్టు వరదా, 1996 నవంబరు తుపానూ చూసిన సామాను ఈ ప్రాంతంలో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. రెండు పక్క పలకల మీదా, వీపు మీదా ఒకే ఎత్తులో అడ్డంగా మరక ఉందేమో చూడండి. పాలిష్ కింద మరక దాగినా స్క్రూల తలలు దాగవు. గీతకి కిందివన్నీ తుప్పు పట్టి, పైవి శుభ్రంగా ఉంటాయి. వెనక పలక గాడిలో పుల్ల పెట్టి లాగితే ఒండ్రు పొడి వస్తుంది. గట్టి టేకు బీరువా నీళ్ళలో నానినంత మాత్రాన పనికిరాకుండా పోదు. ప్లైవుడ్ వీపు మార్పించుకుని, అతుకులు బిగించుకుంటే మళ్ళీ చాలాకాలం ఉంటుంది. ధరలో ఆ ఖర్చు తగ్గించుకోండి. వెనీర్ సామాను, అంటే పైన పలచటి కలప పొర అంటించినది, మాత్రం నీళ్ళు తాగి ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు.

ఆపైన టేపు తీసి ముందు వైపు రెండు మూలల మధ్య కర్ణాలు కొలవండి. రెంటికీ 5, 6 మి.మీ. మించి తేడా ఉంటే పెట్టె ఒక పక్కకి వాలిపోయింది. కారణం ఎక్కువసార్లు వీపులోనే ఉంటుంది. పెట్టెని నిలువుగా పట్టి ఉంచేది వెనక పలకే కాబట్టి, అది వదులైతే తలుపులు ఒకదానికొకటి తగులుతాయి. తలుపులు చిత్రిక పట్టించి సరిచేసి అమ్ముతుంటారు. అలా సరిచేసిన తలుపుకి పై అంచు ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా కనిపిస్తుంది. 6 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో వీపు మార్చి, కర్ణాలు సమానంగా పట్టి, పావు అడుగుకొక స్క్రూ బిగిస్తే ఒక పూటలో పోయే జబ్బు ఇది. అందుకే వాలిన బీరువాని చూసి భయపడనక్కర్లేదు, బేరానికి వాడుకోవచ్చు.

కాళ్ళ దగ్గర తొందరపడకండి. ఈ ధోరణి బీరువాలకి ఉన్న జానెడు కాళ్ళు అందం కోసం పుట్టినా మన నేలకి అవే రక్ష. కింద తడిగుడ్డ పెట్టొచ్చు, చెదమట్టి మొదలైన రోజే కంటపడుతుంది, జానెడు లోపు నీళ్ళయితే మొదటి అర దాకా ఎక్కవు. దిమ్మె మీద కూర్చునే బీరువాకి ఈ మూడూ లేవు. అయితే ఆ కాలు పెట్టెకి ఎలా అతికిందో చూడాలి. చెక్క నాలుకని గాడిలో దింపి చేసిన అతుకైతే మంచిది. అడుగున ఇనప పళ్ళెం బిగించి దానికి కాలు తిప్పి పెట్టినదైతే, పుస్తకాలతో ఉండగా ఎవరో ఒకరు లాగిన రోజు అక్కడే విరుగుతుంది. మూడడుగుల వెడల్పు, ఐదు అరలు ఉన్న బీరువాలో పుస్తకాలు ఒక వరసకే 135 కిలోల దాకా వస్తాయి. అడుగు నిడివికి 9 కిలోల లెక్క అది. ఈ బరువు నాలుగు సన్నటి కాళ్ళ మీద ఉందని గుర్తుంచుకోండి. మూడడుగులు దాటిన బీరువాకి మధ్యలో అయిదో కాలు వేయించడం నామోషీ కాదు.

అరలు బయటికి తీసి, అడుగు వైపు అంచు వెంట దారం బిగించి పట్టండి. 90 సెం.మీ. నిడివిలో 3 మి.మీ. వంగి ఉంటే పరవాలేదు, తిరగేసి పెట్టుకోవచ్చు. అంతకు రెట్టింపు వంగితే పలక సన్నం లేదా నిడివి ఎక్కువ. ఈ వంగడానికి ఒక లెక్కుంది. అదే మందంలో నిడివి రెట్టింపు చేసి నిండా పుస్తకాలు పేరిస్తే వంపు పదహారు రెట్లవుతుంది. 75 సెం.మీ. అరని 90 చేస్తేనే రెట్టింపు. మందం 18 మి.మీ. నుంచి 25కి పెంచితే వంపు మూడో వంతుకి కాస్త ఎక్కువ దగ్గరికి దిగుతుంది. కాబట్టి ముప్పావు అంగుళం టేకు పలకకి 75 నుంచి 90 సెం.మీ., అంగుళం పలకకి 1 మీటరు హద్దు. పార్టికల్ బోర్డుకి 60 సెం.మీ. దాటితే రెండేళ్ళలో ఉయ్యాల కడుతుంది.

డెన్మార్క్ నుంచి వచ్చినది, వచ్చిందని చెప్పేది

హైదరాబాద్, బెంగళూరు దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ డేనిష్ పేరుతో అమ్మేవాటిలో అసలువి ఉన్నాయి. బోర్గె మోగెన్సెన్, హాన్స్ వెగ్నర్ లాంటి డేనిష్ డిజైనర్ల కాలపు ధోరణిలో చేసిన పుస్తకాల బీరువాలు ఎక్కువగా టేకు వెనీర్‌వి. వెనీర్ అంటే నాసిరకం అనుకోవడం మన దగ్గర సన్మైకా చూసి పట్టుకున్న అలవాటు. ఆ సామానులో చాలావాటికి టేకు పొర కింద కూడా మంచి చెక్కే ఉంటుంది, అరలు వంకర్లు పోవు. గట్టి టేకు కన్నా ఆ విషయంలో మేలు కూడా. వెనక వైపు డేనిష్ ఫర్నిచర్ నాణ్యత ముద్ర ఉంటే మంచిదే. లేనంత మాత్రాన నకిలీ కాదు.

చిక్కంతా వాతావరణంలో ఉంది. అక్కడి వెచ్చబెట్టిన ఇళ్ళలో చెక్కలో తేమ 8, 9 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. మన గాలిలో అది 14, 15 దాకా పోతుంది. అడ్డకోత టేకు పలక 30 సెం.మీ. వెడల్పున్నది ఈ తేడాకి 3 మి.మీ. ఉబ్బుతుంది. సొరుగులు బిగుసుకుంటాయి, జరుపుడు తలుపు గాడిలో ఇరుక్కుంటుంది. అప్పట్లో కొన్నిటికి వాడిన జంతువుల వజ్రం (జిగురు) నెమ్ముకీ వేడికీ మెత్తబడుతుంది కాబట్టి అంచుల్లో వెనీర్ లేస్తుంది. గోటితో పలక మీద తడుతూ పోతే లేచిన చోట డొల్ల శబ్దం వస్తుంది. అరచేయంత చోటైతే గోరువెచ్చని ఇస్త్రీపెట్టె, మధ్యలో గుడ్డ, పైన బరువు పెట్టి సరిచేయొచ్చు. పలక సగానికి మించి డొల్ల ఉంటే వద్దు. ఇంకో మాట: పాత వెనీర్ మందం అర మి.మీ. దాటి కొద్దిగా ఉంటుంది. మన పాలిష్ మేస్త్రి మిషనుతో ఉప్పు కాగితం పట్టించాడంటే పది నిమిషాల్లో కింది చెక్క బయటపడుతుంది. చేత్తో, 240 నంబరుతో, చారల వెంటే.

మొత్తం మీద అసలు డేనిష్ బీరువా ఎండా వానా నేరుగా తగలని మేడగదికి తగుతుంది. కాలవగట్టు ఇంటి కింది గదికో, చేపల చెరువుల మధ్య ఇంటికో అది కొనడం డబ్బు నెమ్ముకి పెట్టడమే. అక్కడ గట్టి టేకే.

చండీగఢ్ సామాను గురించి ఒక్క మాటే. స్విస్ వాస్తుశిల్పి పియర్ జాన్నరె 1951 నుంచి 1965 వరకు అక్కడుండి ఆఫీసులకీ గ్రంథాలయాలకీ గీయించిన టేకు ఫర్నిచర్ ఇప్పుడు యూరప్ వేలాల్లో లక్షలు పలుకుతోంది. ఆ వారసత్వ సామాను దేశం దాటకుండా 2011లో కేంద్ర హోం శాఖ ఉత్తర్వులిచ్చింది. వీపు మీద తెల్లరంగుతో ఆఫీసు పేరు అచ్చేసి ఉండటమే రుజువని చూపిస్తారు. రంగు డబ్బా, రేకు అచ్చు ఉంటే ఆ అక్షరాలు ఎవరైనా వేయగలరు. ప్రభుత్వ వేలం కాగితం చేతికి రాకపోతే దాన్ని మామూలు టేకు ర్యాకు ధరకే లెక్కగట్టండి.

కొత్తగా చేయించడం, కొత్తగా కొనడం

పాత ఇంటి వాసాలు, దూలాలు కోయించి ఇదే నమూనాలో బీరువా చేయించుకోవడం చాలామందికి తట్టని దారి. కొలత మన గోడకి సరిపోతుంది, కలప ఎండి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది కాబట్టి వంకర్లు తక్కువ. కోతకి ఇచ్చే ముందు మేకులన్నీ ఏరించాలి. ఒక్క మేకు రంపం పళ్ళు పోగొడితే ఆ ఖర్చు మనదే. మేకు ఉన్న చోట నల్లమచ్చ మిగులుతుంది, దాన్ని లోపలి వైపుకి తిప్పమనండి.

కలప ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు, అంగుళం పలక అనుకుందాం. పక్కలు రెండూ కలిపి 1 ఘనపుటడుగు. పైన, కింద, నాలుగు అరలు కలిపి ఒకటిన్నర. గాజు తలుపుల చట్రాలు, కాళ్ళు కలిపి ఆరు పదుల వంతులు. మొత్తం 3 చిల్లర, కోత తరుగుతో 4. దాన్ని మీ ఊరి డిపో సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) ధరతో గుణించి, కూలీ, గాజు, బందులు, పాలిష్ కలపండి. ఈ అంకె చేతిలో పెట్టుకునే పాతసామాను దుకాణానికి వెళ్ళాలి. వాళ్ళు అడిగేది దీన్ని మించి ఎంత ఉంటే అంతా పేరుకి ఇస్తున్న డబ్బు. ఇవ్వకూడదని కాదు, తెలిసి ఇవ్వాలి.

డిపోలో సుడాన్ టేకు, ఘానా టేకు అని చవగ్గా చూపిస్తారు. అవి తోటల్లో తొందరగా పెరిగినవి, తెల్లచెక్క పాలు ఎక్కువ. అరలకి వాడొచ్చు, కాళ్ళకి వద్దు.

జోధ్‌పూర్ వైపు నుంచి 'వింటేజ్ స్టైల్' అని వచ్చే కొత్త బీరువాల్లో షీషం, మామిడి, తుమ్మజాతి చెక్కలు ఉంటాయి. మామిడి చెక్కకి పుచ్చు ప్రాణగండం. ఎడారి గాలికి ఆరిన చెక్క గోదారి గాలికి వచ్చి ఉబ్బుతుంది. షీషం అయితే, అదీ తెల్లచెక్క లేకుండా ఉంటే ఆలోచించవచ్చు.

ఇనప బీరువా మాట కూడా చెప్పాలి. గోద్రెజ్ వాళ్ళు 1923 నుంచి ఉక్కు బీరువాలు చేస్తున్నారు. 60, 70 దశకాల నాటి గాజు జరుపుడు తలుపుల ఉక్కు పుస్తకాల బీరువాలు ఇప్పటికీ దొరుకుతాయి, ధర తక్కువ, నిజానికి అవీ ఆ కాలపు సామానే. చెదలకి తిండి కాదు గానీ చెదలకి అడ్డూ కాదు. గోడ మీదుగానో వీపు మీదుగానో మట్టి దారి వేసుకుని లోపలి పుస్తకాలు తినేస్తాయి. నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలికి అడుగు మడతల్లోంచి తుప్పు మొదలవుతుంది. అడుగు తట్టినప్పుడు రేకు పొట్టు రాలకుండా ఉంటే తీసుకోండి.

గోడకి బిగించే అరలు, అంటే స్వీడన్‌లో నిస్సె స్ట్రిన్నింగ్ 1949లో చేసిన 'స్ట్రింగ్', జర్మనీలో డీటర్ రామ్స్ 1960లో గీసిన 606 కోవలోవి, నేల నుంచి పూర్తిగా పైకి ఉంటాయి. చెదలూ వరదా రెండిటికీ దూరం. సిమెంటు కట్టుబడి ఉన్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితేనే ఆలోచించండి. పాత సున్నం గోడలో ప్లగ్గు పట్టదు, నాలుగు అరల పుస్తకాలు ఒక క్వింటాలు దాటుతాయి.

ఇంటికి తెచ్చాక

నర్సాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లి వైపు తీసుకెళ్ళేవాళ్ళు గాజు తలుపులు విడిగా కట్టించుకోవాలి. పంటు దిగేటప్పుడు ర్యాంపు దగ్గర బండి వేసే కుదుపుకే 4 మి.మీ. అద్దం చిట్లుతుంది. పెట్టెని వీపు మీద పడుకోబెట్టండి, కాళ్ళ మీద నిలబెట్టి తాళ్ళు కట్టకండి.

వెంటనే ఇంట్లోకి తేవద్దు. వరండాలో, వాన జల్లు తగలని చోట, కింద నల్లగుడ్డ పరిచి మూడు నాలుగు వారాలు ఉంచండి. లోపల పురుగుంటే గుడ్డ మీద పిండో గింజో రాలుతుంది. రాలితే పాలిష్ లేని భాగాలన్నిటికీ, అంటే వీపు, అరల అడుగు, కాళ్ళ కొసలకి బోరాన్ ద్రావణం పట్టించాలి. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 60 గ్రాముల వెలిగారం, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ పొడి. చేతికి తొడుగులు వేసుకుని రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఎడం. పాలిష్ మీద రాస్తే లోపలికి దిగదు, నీళ్ళు వృథా. ధాన్యం గాదెల్లో పెట్టే ఫాస్ఫైడ్ బిళ్ళలు బీరువాలో పెట్టి మూసే పద్ధతి కొన్ని ఊళ్ళలో ఉంది. ఆ వాయువు మనుషుల్ని చంపుతుంది. ఇంట్లో ఆ పని ఎవరు చెప్పినా చేయకండి.

పాత బీరువాల మూలల్లో తెల్లటి పొడి పేరుకుని ఘాటు వాసన వస్తే అది ఒకప్పుడు చల్లిన గమాక్సిన్ పురుగుమందు అయ్యే వీలుంది. చీపురుతో దులపకుండా, మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. ఆస్పత్రులూ ఆఫీసుల ఆకుపచ్చ రంగు సామానుకీ ఇదే జాగ్రత్త. పాత పెయింటులో సీసం ఉంటుంది, పొడిగా గీకకూడదు.

పాలిష్ విషయంలో లక్క పాలిష్ ఉన్న బీరువాకి మళ్ళీ లక్కే వేయించండి, కానీ పుష్య మాఘాల్లో. శ్రావణంలో వేస్తే పాలపొరలా తెల్లబడుతుంది. అవిసె నూనె పూత విదేశీ సలహాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మన నెమ్ములో దాని మీద బూజు పడుతుంది. అరల లోపలికి ఏ నూనే వద్దు, పుస్తకాల అట్టలకి మరక దిగుతుంది. తలుపులు లేని ర్యాకుకి పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మేలు. ఏది వేసినా వాసన పోయేదాకా రెండు వారాలు పుస్తకాలు పెట్టకండి.

గోడకి 5 సెం.మీ. ఎడంగా నిలబెట్టాలి. ఉప్పు తేలిన గోడ దగ్గర అసలు వద్దు, పది సెం.మీ. ఎడమిచ్చినా చెమ్మ లాగుతుంది. గాజు తలుపుల బీరువా దుమ్మునీ బొద్దింకల్నీ ఆపుతుంది గానీ లోపలి నెమ్మునీ పట్టి ఉంచుతుంది. అందుకని వీపుకి కింద నాలుగు, పైన నాలుగు అరంగుళం బెజ్జాలు వేయించి, లోపలి నుంచి సన్నటి జాలీ అంటించాలి. పుస్తకాలు వెనక పలకకి రెండు వేళ్ళ ఎడంలో ఉండాలి. కాళ్ళ కింద అంగుళం మందం రాతి ముక్కలు పెడితే తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ కాలి కొస తడవదు. కలరా ఉండలు, వేపాకు పురుగుని వెనక్కి తగ్గిస్తాయేమో గానీ నెమ్ముకి ఏమీ చేయవు.

వేసవిలో కొన్న బీరువా తలుపుల మధ్య సందు 1 మి.మీ. కన్నా తక్కువుంటే వానాకాలంలో అది తప్పకుండా పట్టేస్తుంది. మొదటి శ్రావణంలో తలుపు తెరుచుకోకపోతే వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. అప్పుడు తీసిన చెక్క ఎండాకాలానికి వేలు దూరే సందవుతుంది. తలుపు ఓరగా వదిలేసి సంక్రాంతి దాకా ఆగండి. చెక్క ఆరాక కూడా రాసుకుంటుంటే అప్పుడు తలుపు దింపి, తాళం వైపు ముట్టుకోకుండా బందుల వైపు అంచునే కాగితమంత తీయించండి. కొత్తగా బయటపడ్డ ఆ అంచుకి అదే రోజు పాలిష్ వేయించండి, లేకపోతే వచ్చే వానలకి నెమ్ము ముందు అక్కణ్ణుంచే లోపలికి పోతుంది.